ఆ మోటారు కాల్చింది నేనే

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేసినప్పుడు, అందరిలాగే నాకూ "మరపురాని హాస్టల్ జ్ఞాపకాలు" అన్న శీర్షికే ముందు తోచింది. ఆదివారం గుడ్డు, ఉప్మాలో వెతికితే గాని దొరకని పల్లీలు, రాత్రి స్టడీ అవర్లో కునికిపాట్లు... ఇవన్నీ మన సంచికల్లో ఇంతకుముందు చాలామంది అన్నలు నాకంటే బాగా రాశారు. నేను రాయాల్సింది వేరే ఉంది. అది ఒక మోటారు గురించి. అందులో అరచేతిలో పట్టేటంత చిన్న చక్రం గురించి. ఆ చక్రం పాడైన రోజున నేను చెప్పని ఒక మాట గురించి.

2002 మార్చి. నేను పదో తరగతి. అప్పటికి ఎల్బీనగర్ గ్రేటర్‌లో కలవలేదు, వేరే మున్సిపాలిటీ. (2007లో కలిసింది.) కృష్ణా నీళ్లు ఇంకా రాలేదు. మన హాస్టల్ బోరు ఎండాకాలం మొదట్లోనే బురద కక్కి ఊరుకునేది. ట్యాంకరు వచ్చి సంపులో నీళ్లు వదిలితే, ఒక హార్స్‌పవర్ మోటారు వాటిని మేడ మీది ట్యాంకుకు ఎక్కించేది. ఆ మోటారు వేయడం, ఆపడం కామాటి తాత పని. నిజానికి ఆయనకు అప్పటికి యాభై ఏళ్లు కూడా ఉండవు. తల నెరిసినందుకు అందరం తాతా అనే పిలిచేవాళ్లం.

లెక్కలు రెండో పేపరు రోజున తెల్లవారుజామున మూడున్నరకు లేచాను. స్నానం చేసి చదువుకుందామని వెళ్తే ట్యాంకులో చుక్క లేదు. తాతను లేపడం ఎందుకని వరండాలో స్విచ్ నేనే వేశాను. పావుగంటలో ఆపేద్దామనుకుని, స్విచ్ బోర్డు కిందే లైటు వెలుతురులో జామెట్రీ లెక్కలు ముందేసుకుని కూర్చున్నాను. సంపులో నీళ్లు అడుగంటి ఉన్నాయని నేను చూడలేదు. మోటారు చప్పుడు వినిపిస్తోంది కాబట్టి నీళ్లు ఎక్కుతున్నాయనే అనుకున్నాను. ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు. మెలకువ వచ్చేసరికి కాలిన వార్నిష్ వాసన. మోటారు గదిలోంచి పొగ. నేను స్విచ్ ఆపి, పుస్తకం పట్టుకుని, ఎవరూ చూడకముందే రూములోకి వెళ్లి దుప్పటి కప్పుకున్నాను.

ఆరు గంటలకు హాస్టలంతా గోల. వార్డెన్ సార్ వచ్చారు. "మోటారు వేసి పండుకున్నవా?" అని కామాటి తాతను అందరి ముందూ తిట్టారు. తాత తల వంచుకుని నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే తొమ్మిదయింది.

పరీక్షకు గేటు దాటుతుంటే తాత పిలిచాడు. చేతిలో నా జామెట్రీ బాక్సు. మూత మీద నా పేరు మేకుతో గీకి ఉంది.

"స్విచ్ బోర్డు కింద పడి ఉండె బిడ్డా. లెక్కల పరీచ్చకు ఇది లేకుంటె ఎట్ల?" అన్నాడు.

అంతే. ఇంకేమీ అనలేదు. ఆయనకు తెలుసని నాకు అర్థమైంది. నాకు అర్థమైందని ఆయనకూ తెలుసు. బాక్సు తీసుకుని పరీక్షకు పోయాను.

ఆ మధ్యాహ్నమే మోటారును గోనెసంచిలో కట్టి దిల్‌సుఖ్‌నగర్ తీసుకుపోవాల్సి వచ్చింది. ఒక చెయ్యి సాయం కావాలని తాత నన్నే పిలిచాడు. సిటీ బస్సులో ఇద్దరి కాళ్ల మధ్య పెట్టుకుని పోయాం. ఎల్బీనగర్ చౌరస్తా, విక్టోరియా మెమోరియల్ హోం, కొత్తపేట పండ్ల మార్కెట్, చైతన్యపురి... (ఆ మార్కెట్ 2021లో బాటసింగారం తరలిపోయింది. ఇప్పుడు అదే దారిలో తల మీద మెట్రో నడుస్తుంది. 2018 సెప్టెంబరు 24న ఎల్బీనగర్ దాకా వచ్చింది.) దారి పొడుగునా తాత నా పరీక్ష ఎట్ల రాసిందీ అడిగాడు గాని మోటారు ఊసెత్తలేదు.

మెయిన్ రోడ్డు వెనక సందులో వైండింగ్ షాపు. రాగి తీగ చుట్టలు, కాలిన మోటార్లు, నూనె వాసన. అక్కడి ఉస్తాద్ నాలుగు బోల్టులు విప్పి ముందు భాగం ఊడదీశాడు. లోపల గుండ్రటి ప్లాస్టిక్ చక్రం ఒకటి, కొవ్వొత్తి కరిగినట్టు ఒక వైపు ఒరిగి, గోడకు కరుచుకుని ఉంది. పానాతో కొట్టి దాన్ని బయటికి తీసి నా చేతిలో పెట్టాడు.

"దీన్ని ఇంపెల్లర్ అంటరు. మోటారు కాల్లేదు ముందు, ఇది కాలింది. పానీ లేకుండ గంటలకొద్ది నడిపిన్రు. ఎవరు?" అని మా ఇద్దరినీ చూశాడు.

నా గొంతు ఎండిపోయింది. "నేనే, నిద్ర పట్టింది" అన్నాడు తాత.

ఆ రోజు ఆ షాపులో నేను నోరు విప్పి ఉంటే ఈ వ్యాసమే ఉండేది కాదు. విప్పలేదు. ఆ సిగ్గు నుంచి తప్పించుకోవడానికో ఏమో, చేతిలోని చక్రాన్నే చూస్తూ నిలబడ్డాను. పరీక్షలు అయిపోయాక ఆ ఎండాకాలం సెలవుల్లో అదే షాపులో పనికి కుదిరాను. తర్వాత పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చేశాను. ఇన్నేళ్లుగా పంపుల మరమ్మతే నా అన్నం. కాబట్టి ఆ రోజు ఆ చక్రానికి ఏం జరిగిందో ఇప్పుడు మీకు సరిగ్గా చెప్పగలను.

మోటారు నీళ్లను పీల్చుతుందని మనమంతా అనుకుంటాం. ఇంపెల్లర్ నీళ్లను పీల్చదు, విసురుతుంది. చక్రం మధ్యలో ఒక కన్ను ఉంటుంది. నీళ్లు అందులోంచి లోపలికి వస్తాయి. వంపు తిరిగిన రెక్కలు వాటిని గిర్రున తిప్పి అంచు వైపు నెడతాయి. బట్టలు ఉతికి జాడించినప్పుడు కొసల నుంచి నీళ్లు ఎగిరిపడ్డట్టే. మన ఇళ్లలో ఉండే చిన్న మోనోబ్లాక్ మోటారు నిమిషానికి 2,800 చుట్ల దాకా తిరుగుతుంది. 12 సెంటీమీటర్ల ఇంపెల్లర్ అయితే దాని అంచు గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో పోతున్నట్టు లెక్క. అంటే హైవే మీద పోయే బస్సంత వేగం! ఆ వేగంతో అంచు దాటిన నీళ్లు, చుట్టూ నత్తగుల్లలా క్రమంగా వెడల్పయ్యే కేసింగులో నెమ్మదిస్తాయి. తగ్గిన వేగమే ఒత్తిడిగా మారుతుంది. ఆ ఒత్తిడే నీటిని పైపులో మూడో అంతస్తుకు ఎక్కిస్తుంది.

మరి సంపులోంచి నీళ్లు పైకి ఎట్లా వస్తాయి? నీళ్లు విసిరేయగానే చక్రం మధ్యలో ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు సంపులోని నీటిని బయటి గాలి బరువు పైపులోకి తోస్తుంది. గాలి బరువుకు ఒక హద్దు ఉంది. లెక్క ప్రకారం 10 మీటర్లు, ఆచరణలో ఏడు మీటర్లంటే గొప్ప. అందుకే నేల మీద పెట్టిన మోటారు ఎంత పెద్దదైనా వందల అడుగుల బోరులోంచి నీళ్లు తేలేదు. సబ్‌మెర్సిబుల్‌ను బోరులోకే దింపి, ఒకదాని మీద ఒకటిగా పది, ఇరవై ఇంపెల్లర్లు పెట్టి, కింది నుంచి పైకి నెట్టాల్సిందే. ఒక్కో ఇంపెల్లర్ తన వంతు కొంత ఎత్తి పై దానికి అందిస్తుంది.

ఈ రెక్కల వంపు కూడా ఒక్క రోజులో వచ్చింది కాదు. 1851లో లండన్‌లో జరిగిన మహా ప్రదర్శనలో జాన్ ఆపోల్డ్ అనే ఆయన వంపు రెక్కల పంపును పెట్టాడు. పరీక్షించి చూస్తే అది తిన్నటి రెక్కల పంపు కంటే రెండింతలకు పైగా మెరుగ్గా పనిచేసిందట. మన సంపు మోటారు లోపల తిరిగే చక్రానికీ ఆ వంపు ఉంది.

ఇక నేను చేసిన తప్పు. ఇంపెల్లర్ నీళ్లను విసరాలంటే ముందు దాని చుట్టూ నీళ్లు ఉండాలి. గాలి నీటి కంటే దాదాపు 800 రెట్లు తేలిక. గాలిని ఎంత విసిరినా పైపులో నీళ్లు లేవవు. అందుకే మోటారు మూత తీసి చెంబుతో నీళ్లు పోస్తాం. ప్రైమింగ్ అంటారు. ఊళ్లో చేతిబోరింగు ఎండిపోతే పైనుంచి చెంబెడు నీళ్లు పోసి కొట్టేది ఇందుకే. "ముందు చెంబెడు పోస్తెనే తర్వాత బిందెడు ఇస్తది" అనేవాడు ఉస్తాద్.

ఆ తెల్లవారుజామున సంపులో నీళ్లు ఫుట్‌వాల్వ్ కిందికి దిగిపోయాయి. పైపులోకి గాలి వచ్చింది. కేసింగులో మిగిలిన నీళ్లు అక్కడక్కడే తిరిగి తిరిగి సలసలా కాగాయి. షాఫ్టు దగ్గర నీళ్లు కారకుండా ఆపే సీల్‌కు నీళ్లే చలువ. అవి ఆవిరైపోయేసరికి సీల్ మాడింది. ప్లాస్టిక్ ఇంపెల్లర్ మెత్తబడి, వంకర తిరిగి, కేసింగుకు పట్టుకుంది. చక్రం ఆగింది గాని కరెంటు ఆగలేదు. తిరగలేని మోటారు మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. వైండింగ్ అట్లా కాలింది. ఇదంతా నా తలకాయ పక్కనే జరిగింది. వినే చెవి ఉంటే మోటారు ముందే చెప్పింది కూడా. నీళ్లు ఎక్కేటప్పుడు దాని గొంతు బరువుగా, నిండుగా ఉంటుంది. ఉత్తగా తిరిగేటప్పుడు సన్నగా, తేలికగా అవుతుంది. నేను ఆ తేడా తెలియక నిద్రపోయాను.

తమ్ముళ్లూ, ఆ మోటారు ఎక్కించే ట్యాంకు మామూలు ట్యాంకు కాదని మీకు చెప్పాలి. మా ఊళ్లో మా వాడకు వేరే బావి. ఊరి బావి గట్టు మీదికి మా అమ్మ పోయేది కాదు. ఎవరైనా పోస్తే దోసిలి పట్టేది. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచి పోయి చవుదార్ చెరువు నీళ్లు దోసిట్లో తీసుకున్నాడని పాఠంలో చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది అమ్మ దోసిలే. ఈ హాస్టల్‌కు వచ్చిన మొదటి రోజున అందరం ఒకే కుళాయికి నోరు పెట్టి తాగాం. ఎవరి వాడ ఏదని ఎవరూ అడగలేదు. అట్లాంటి ట్యాంకు ఆ మార్చిలో రెండు వారాలు ఎండింది. చిన్నపిల్లలు కూడా సంపులోంచి చేదుకుని బకెట్లు మోశారు. కామాటి తాత అందరికంటే ఎక్కువ మోశాడు. బిల్లు 900 రూపాయలు ఆయన జీతంలోంచి మూడు విడతలుగా పోయింది.

ఇంకొకటి ఉంది. ఇది నేను ఇంతవరకు నా భార్యకు కూడా చెప్పలేదు. నా దస్తూరీ బాగుంటుందని హాస్టల్ రిజిస్టర్లు నా చేత రాయించేవారు. మరమ్మతుల రిజిస్టరులో ఆ నెల పద్దు సార్ చెబుతుంటే నేనే రాశాను: "కామాటి అజాగ్రత్త వలన మోటారు కాలిపోయినది." నా ముత్యాల్లాంటి అక్షరాలతో.

చదువు అయ్యాక తాతను కలవలేదా అంటే, కలిశాను. 2008లో మొదటి జీతం నుంచి 900 రూపాయలు విడిగా తీసి జేబులో పెట్టుకుని, సాగర్ రోడ్డులో ఆయన ఊరికి పోయాను. ఆయన మంచం వాల్చి కూర్చోబెట్టాడు, చాయ్ తాగించాడు. డబ్బు తీసి చేతిలో పెడితే, "ఏంది బిడ్డా ఇది?" అన్నాడు. "ఊరికే తాతా, మొదటి జీతం" అన్నాను. అప్పుడు కూడా అసలు మాట చెప్పలేదు! ఆయన నూరు రూపాయలు ఉంచుకుని మిగతాది నా జేబులోనే పెట్టాడు. "గింత చాలు. మీ అమ్మకు చీర కొను" అన్నాడు. ఆయన 2011లో పోయాడు. దినాలకు వెళ్తే ఆయన కొడుకు అన్నాడు: "మా హాస్టల్ పోరడు మోటార్లు బాగుచేస్తడు, నా ముందటనే నేర్చుకున్నడు అని అందరికీ చెప్పేటోడు మా నాయిన."

ఆయన ఊరికి వెళ్లే ఆ సాగర్ రోడ్డు మీద నేను ఎప్పుడు పోయినా ఒక సంగతి తలచుకుంటాను. నాగార్జునసాగర్ నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగులు. మన ఎల్బీనగర్ ఉన్నది 1,600 అడుగులకు పైన. అంటే మనం తాగే కృష్ణా నీళ్లు వెయ్యి అడుగులకు పైగా ఎదురెక్కి రావాలి. పుట్టంగండి దగ్గర పంపులు సాగర్ నీటిని ఎత్తి అక్కంపల్లి జలాశయానికి పంపుతాయి. కోదండాపురంలో శుద్ధి అవుతుంది. అక్కడి నుంచి నాసర్లపల్లి, గోడకొండ్ల మీదుగా ఒక్కో చోట ఎత్తుకుంటూ గున్‌గల్ చేరుతుంది. అక్కడి నుంచి పల్లానికి దానంతట అదే సాహెబ్‌నగర్ జలాశయానికి వస్తుంది. మొదటి దశ 2004లో, రెండోది 2008లో, మూడోది 2015లో వచ్చాయి. మూడు దశలూ కలిపి రోజుకు 270 మిలియన్ గ్యాలన్లు, అంటే సుమారు 122 కోట్ల లీటర్లు తెచ్చే ఏర్పాటు అది. ఇంత నీరు నల్లగొండ పల్లెల పక్క నుంచే నగరానికి పోయింది. అదే పల్లెల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిన వాళ్ల పిల్లలు మన హాస్టల్‌లో నాతో చదివారు. అదొక పెద్ద కథ.

నేను చెప్పేదేమిటంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో ఎవరైనా కుళాయి తిప్పితే నీళ్లు కనిపిస్తాయి గాని, దారిలో ఎక్కడెక్కడో చీకటి కేసింగుల్లో తిరిగే చక్రాలు కనిపించవు. నీళ్లు దానంతట అవి ఎత్తుకు రావు. ఎవరో, ఎక్కడో, ప్రతి మెట్టు దగ్గరా ఎత్తి పై మెట్టుకు అందించాలి. మనం కూడా దానంతట మనం పైకి వచ్చినవాళ్లం కాదు. మన హాలులో ఒక ఫ్యాను ఉండేది, గుర్తుందా అన్నలూ? కండెన్సర్ వీకై, స్విచ్ వేస్తే "గుయ్" మని మూలిగేది గాని తిరిగేది కాదు. ఎవరో ఒకరు మంచమెక్కి కట్టెతో రెక్కను ఒక్క తోపు తోస్తే, ఇక రాత్రంతా తిరిగేది. ఒక్క తోపే! ఆ లెక్కల పరీక్షలో నాకు 81 మార్కులు వచ్చాయి. జామెట్రీ బాక్సు లేకపోతే, ఆ ఉదయం వార్డెన్ ముందు నిలబడి ఉంటే ఎన్ని వచ్చేవో నాకు తెలియదు. నన్ను తోసింది ఆయన. దాని ఖరీదు 900 రూపాయలూ, అందరి ముందూ ఒక తిట్టూ, రిజిస్టరులో ఒక మాటా.

అందుకని హాస్టల్‌లో ఇప్పుడు ఉన్న తమ్ముళ్లకు రెండు మాటలు. మొదటిది పని మాట. స్విచ్ వేసే ముందు సంపు మూత తీసి చూడండి. చప్పుడు సన్నబడితే వెంటనే ఆపండి. లోపల గులకరాళ్లు పడ్డట్టు చప్పుడు వస్తే చక్రానికి నీళ్లు సరిగ్గా అందడం లేదని అర్థం, ఫుట్‌వాల్వ్ జాలీకి చెత్త పట్టిందేమో చూడండి. త్రీఫేజ్ మోటారు అయితే, కరెంటు లైన్ల పని జరిగిన తర్వాత నీళ్లు తక్కువ వస్తే చక్రం తిరగబడి తిరుగుతోందేమో కేసింగు మీది బాణం గుర్తుతో సరిచూడండి. సంపులో నీళ్లు తగ్గగానే మోటారును దానంతట అదే ఆపే ఫ్లోట్ స్విచ్ ఈ వార్షికోత్సవం రోజున నేనే తెచ్చి నా చేతులతో బిగిస్తాను. ఇక మీలో ఎవరూ నాలాగా నిద్రపోయి మోటారు కాల్చరు.

రెండోది, తప్పు చేస్తే ఆ రోజే చెప్పండి. ఆ రోజు తిట్టు పావుగంట. చెప్పకపోతే ఇరవై ఏళ్లు. నీళ్లు లేని మోటారు లోపల్లోపలే కాలుతుంది. బయటికి తిరుగుతున్నట్టే కనిపిస్తుంది.

చివరగా, ఆ పాత రిజిస్టరు ఇప్పుడు ఎక్కడుందో వెతికినా దొరకలేదు. అందుకే ఆ పద్దును మన సంచికలోనే, అందరూ చదివేటట్టు దిద్దుతున్నాను:

"2002 మార్చి నెలలో హాస్టల్ మోటారు కాలిపోయింది కామాటి అజాగ్రత్త వలన కాదు. పదో తరగతి విద్యార్థినైన నా వలన. కామాటి తప్పేమీ లేదు."

అక్షరాలు నావే. ఈసారి మాట కూడా నాదే.

తమ్ముళ్లందరికీ వార్షికోత్సవ శుభాకాంక్షలు. జై భీమ్.

— ఒక పూర్వ విద్యార్థి, 2001–02 పదో తరగతి బ్యాచ్